కుళాయి నీటిలో సీసము

చెఱువునీరు మురికిగా నున్నచో కంటికి గనబడును. ఉప్పునీరు నాలుకకు దెలియును. సీసము కలిసిన నీటికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినను పోదు, నీరు ఆవిరియై తగ్గిన కొలది మిగిలినదానిలో సీసపుపాలు హెచ్చును గూడ. కావున పరీక్షించియే తెలిసికొనవలెను. ఆ పరీక్ష యంతయు నీటిని పట్టు విధముమీద నాధారపడియున్నది.

సీసము సాధారణముగా నదినుండి రాదు, త్రోవలో గలియును. పూర్వము పెక్కు దేశములలో నీటిగొట్టములను సీసముతోనే చేసిరి. లాటిను భాషలో సీసమునకు ప్లంబమ్ అని పేరు. ప్లంబరను మాట దానినుండియే పుట్టినది. అట్టి గొట్టములు లేని యిండ్లలో సైతము మాటు వేసిన యతుకులనుండియు, ఇత్తడి కుళాయిలనుండియు కొంత దిగవచ్చును. రాత్రి యంతయు గొట్టములో నిలిచిన నీటిలో నది యెక్కువగా జేరును. అందుచేత ఆఱు గంటలు ఎవరును కుళాయి త్రిప్పకుండ నుంచి, వేకువను వచ్చు మొదటి ధారనే, చుక్కయైనను పాఱబోయక, శుభ్రమైన లీటరు సీసాలో బట్టవలెను.

ఇంత చిన్న నియమమునకు ఇంత పట్టుదల యేల యందురా? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఫ్లింట్ అను పట్టణము కలదు. 2014 ఏప్రిలులో, వ్యయము తగ్గించుటకై, డిట్రాయిటునుండి వచ్చు సరస్సునీటిని మాని, ఫ్లింట్ నది నీటిని ఇండ్లకు వదలిరి. గొట్టములను నీరు తినివేయకుండ కలుపవలసిన మందును కలుపలేదు. పైగా, పరీక్షకు నీరు పట్టువారు ముందునాటి రాత్రి కొన్ని నిమిషములు కుళాయి విడిచి గొట్టమును కడుగవలెనని అధికారులు సూచించిరి. కడిగిన గొట్టము నిజమును చెప్పునా?

లీ ఆన్ వాల్టర్స్ అను గృహిణి తన బిడ్డలకు దద్దురులు లేచుట చూచి, పట్టుపట్టి, 2015లో నీటిని పరీక్ష చేయించెను. లీటరుకు 104 మైక్రోగ్రాముల సీసము తేలినది. 15 దాటిన సరఫరాదారులు చర్య తీసికొనవలెనని అచ్చటి నియమము. పిమ్మట వర్జీనియా టెక్ ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్ ఆమె యింటి నీరు ముప్పది సీసాలు పరీక్షింపగా, ఒకదానిలో 13,000 దాటినది! ఆ సెప్టెంబరులో డాక్టరు మోనా హన్నా అతీషా పట్టణపు పసిపిల్లల రక్తమున సీసము హెచ్చినట్లు లెక్కలతో జూపెను. సీసము ఎదుగుచున్న మెదడును చెఱచును; పోయిన దానిని మరల దెచ్చు మందు లేదు. అక్టోబరులో పాత నీటినే మరల తెచ్చిరి. ముందుగా గొట్టము కడుగు పద్ధతి కూడదని 2016లో ఆ దేశపు పర్యావరణ సంస్థ ప్రకటించినది.

మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో సీసము లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించరాదు. పరీక్షశాలకు రెండు సీసాలు పంపుట మేలు: ఒకటి మొదటి ధార, రెండవది అయిదు నిమిషములు విడిచిన పిమ్మట పట్టినది. మొదటిదానిలోనే సీసమున్నచో దోషము కుళాయిదో, ఇంటి గొట్టముదో కావచ్చును. రెండవదానిలోను ఉన్నచో వీథి గొట్టముదాక విచారింపవలెను. ఫలితము వచ్చువఱకు ఉదయపు మొదటి నీటిని త్రాగుటకును, వంటకును వాడక, నేల కడుగుటకు వాడుకొనవచ్చును.