శిలీంధ్రాల్లో దాగిన వైరస్‌లు: జన్యుక్రమంతో గుర్తించడం ఎలా?

వరిలో అగ్గితెగులు కలిగించేది ఒక శిలీంధ్రం. ఆ శిలీంధ్రానికి కూడా వైరస్‌లు సోకుతాయి. శిలీంధ్రాలకు సోకే వైరస్‌లను మైకోవైరస్‌లు అంటారు. 1962లో బ్రిటిష్ శాస్త్రవేత్త హోలింగ్స్ జబ్బుపడిన సాగు పుట్టగొడుగుల్లో వైరస్ కణాలను గుర్తించారు. అయితే చాలా మైకోవైరస్‌లు సోకినా శిలీంధ్రం మామూలుగానే కనిపిస్తుంది. కొన్నింటికి ప్రోటీన్ తొడుగే ఉండదు కాబట్టి సూక్ష్మదర్శినిలోనూ అవి దొరకవు. అందుకే ఇప్పుడు జన్యుక్రమంలో వెతుకుతున్నారు.

వెతికే పద్ధతి

ముందుగా శిలీంధ్రంలోని ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, దాని అక్షరక్రమాన్ని చదువుతారు. లక్షలాది చిన్న ముక్కలు వస్తాయి. వాటిని కంప్యూటర్ వరుసగా కలుపుతుంది. వాటిలో అధికభాగం శిలీంధ్రానివే. మరి వైరస్‌ను పోల్చుకునేదెలా?

ఆర్‌ఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీసే ఎంజైమ్ దాదాపు ప్రతి ఆర్‌ఎన్‌ఏ వైరస్‌కూ అవసరం. జన్యు అక్షరాలు త్వరగా మారిపోయినా, ఈ ఎంజైమ్ కీలక భాగంలోని అమైనో ఆమ్లాలు అంతగా మారవు. అందుకే క్రమాన్ని అమైనో ఆమ్లాల్లోకి అనువదించి, తెలిసిన వైరస్‌లతో పోలుస్తారు.

ఇక్కడొక చిక్కుంది. యూజీఏ అనే మూడక్షరాల సంకేతానికి సాధారణంగా 'ఆపు' అని అర్థం. శిలీంధ్రాల మైటోకాండ్రియాలో మాత్రం దానర్థం 'ట్రిప్టోఫాన్ చేర్చు'. అక్కడ నివసించే మైటోవైరస్‌లను మామూలు పట్టికతో చదివితే జన్యువు ముక్కలైనట్టు కనిపిస్తుంది. పట్టిక మారిస్తే పూర్తి ఎంజైమ్ బయటపడుతుంది.

పాత డేటాలోనూ వైరస్‌లు దొరుకుతున్నాయి. అన్ని రకాల జీవుల నుంచి సేకరించిన 57 లక్షల నమూనాల డేటాను గాలించి, 1.3 లక్షలకు పైగా కొత్త ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను గుర్తించినట్లు 2022లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది.

పోలిక చాలదు

దొరికిన క్రమం ఎప్పుడో శిలీంధ్రపు డీఎన్‌ఏలో కలిసిపోయిన పాత వైరస్ శకలం కావచ్చు. నమూనాలో కలిసిన మరో జీవిదీ కావచ్చు. కాబట్టి అదే క్రమం డీఎన్‌ఏలో ఉందేమో చూస్తారు. తర్వాత వైరస్ ఉన్న, లేని శిలీంధ్రాలను పక్కపక్కనే పెంచి తేడా గమనిస్తారు.

ఈ శ్రమకు ప్రయోజనం ఉంది. ఐరోపాలో చెస్ట్‌నట్ చెట్లను ఎండబెట్టే శిలీంధ్రాన్ని బలహీనపరచడానికి ఒక మైకోవైరస్‌ను వాడుతున్నారు. వియత్నాంలో సేకరించిన అగ్గితెగులు శిలీంధ్రంలో దొరికిన ఒక వైరస్ కూడా దాని పెరుగుదలను తగ్గించింది. కానీ ఇలాంటి వైరస్‌లు సాధారణంగా శిలీంధ్రపు పోగులు కలిసినప్పుడో, సిద్ధబీజాల ద్వారానో మాత్రమే వ్యాపిస్తాయి. ఒకే జాతిలోని అన్ని రకాల పోగులూ ఒకదానితో ఒకటి కలవవు. పొలంలో వాడాలంటే ముందు దాటాల్సిన అడ్డంకి ఇదే.