కళాశాల నెన్నుకొనుట, విద్య నార్జించుట

వ్యాపారి ధాన్యము కొనునపుడు సంచిపైనున్న ముద్రను చూచి డబ్బు చెల్లింపడు. సంచిలోనికి చేయి పోనిచ్చి అడుగునుండి గుప్పెడు గింజలు తీసి చూచును, తూకము చూచును, బజారులో నలుగురిని ధర అడుగును. అట్టి వ్యాపారియే పిల్లవానిని కళాశాలలో చేర్పించునపుడు మాత్రము పత్రికా ప్రకటనను, ఎత్తయిన భవనమును, బంధువుల మాటను నమ్మి లక్షల రూపాయలు చెల్లించుచుండుట కలదు. సరుకులో వచ్చిన నష్టమును మరుసటి యేడు పూడ్చుకొనవచ్చును. పదునెనిమిదేండ్ల ప్రాయమున పోయిన మూడు నాలుగు సంవత్సరములు మరల రావు.

వ్యాపార కుటుంబములలో రెండు విధములైన పొరపాట్లు కనబడుచున్నవి. "అంగడిలో కూర్చుండువానికి డిగ్రీ యెందుకు?" అనునది మొదటిది. 2017 లో జి.ఎస్.టి. వచ్చినది, కొనుగోళ్లు, చెల్లింపులు ఫోనులోనికి చేరినవి. తండ్రికి చాలిన చదువు కొడుకునకు చాలదు. పెండ్లి సంబంధములకై ఏదో యొక డిగ్రీ ఉండవలెనని ఎక్కడో యొకచోట చేర్పించుట రెండవ పొరపాటు. మొదటి దానివలన పిల్లవాని తెలివి వృథా యగును. రెండవ దానివలన తెలివితోపాటు ధనము కూడ వృథా యగును.

జైనధర్మము మోక్షమార్గమునకు సమ్యగ్దర్శన, సమ్యగ్జ్ఞాన, సమ్యక్చారిత్రములు మూడును కలసి యుండవలెనని చెప్పినది. ఆ పవిత్ర పదములను లౌకిక విద్యకు అచ్చముగా అన్వయించుట తగదు. అయినను సరిగా చూచుట, సరిగా తెలిసికొనుట, సరిగా నడచుకొనుట అను క్రమము ఇచ్చటను మేలు చేయును.

సరిగా చూచుట

మొదట చూడవలసినది కళాశాలను గాదు, పిల్లవానిని. వానికి లెక్కలయందు ఇష్టమున్నదా, యంత్రములయందా, మనుష్యులతో మాటలాడుటయందా? పొరుగింటి పిల్లవాడు ఇంజనీరింగులో చేరినాడను కారణము కారణమే కాదు.

పిమ్మట కుటుంబవృత్తిని చూడవలెను. మందుల వ్యాపారము చేయు కుటుంబము నొకదానిని తలచుకొనుడు. 1948 నాటి ఫార్మసీ చట్టము ప్రకారము వైద్యుని చీటీపై మందు లిచ్చుటకు రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండవలెను. ఆ పనికి బయటివారికి జీతమిచ్చు కుటుంబము తన కొడుకునో కూతునో ఆ చదువు చదివించినచో అంగడికి అండ యేర్పడును. అయితే ఆ కళాశాలకు ఫార్మసీ కౌన్సిల్ ఆమోదము ఉండి తీరవలెను. లేనిచో చదువు పూర్తియైనను రిజిస్ట్రేషను లభింపదు.

సి.ఏ. చదువ దలచినవారు మరియొక సంగతి గ్రహింపవలెను. ఆ అర్హత నిచ్చునది 1949 నాటి చట్టముచే ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూటు మాత్రమే. "బి.కాం. తోపాటు సి.ఏ. కూడ మేమే యిత్తుము" అను కళాశాల పరీక్షకు శిక్షణ నీయగలదే గాని ఆ పట్టము నీయజాలదు. శిక్షణకు అడుగు ధర న్యాయమైనదా యని మాత్రమే విచారింపవలెను.

కొడుకునకు దూరపు పట్టణములోని మంచి కళాశాల, కూతురికి ఇంటి ప్రక్కనున్న కళాశాల అను పద్ధతి మానవలెను. మార్కులు కూతురికే ఎక్కువ వచ్చినపుడు ధనము కూడ ఆమె చదువునకే ముందుగా పోవుట న్యాయము.

సరిగా తెలిసికొనుట

డిగ్రీ నిచ్చు అధికారము ఎవరికున్నదో మొదట తెలిసికొనవలెను. 1956 నాటి యు.జి.సి. చట్టము ప్రకారము చట్టబద్ధముగా ఏర్పడిన విశ్వవిద్యాలయములు, విశ్వవిద్యాలయముతో సమానముగా గుర్తింపబడిన సంస్థలు, పార్లమెంటు ప్రత్యేకాధికార మిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీ లీయగలవు. నకిలీ విశ్వవిద్యాలయముల పేర్లను యు.జి.సి. ప్రకటించుచున్నది. ఫీజు కట్టుటకు ముందు ఆ పట్టికను చూచుటకు పది నిమిషములు చాలును. వైద్యమునకు నేషనల్ మెడికల్ కమిషన్, న్యాయవిద్యకు బార్ కౌన్సిల్, ఇంజనీరింగునకు ఏ.ఐ.సి.టి.ఇ. ఆమోదములు వేరువేరుగా విచారింపవలెను.

రెండవది కళాశాల యోగ్యత. బెంగుళూరు కేంద్రముగా 1994 లో ఏర్పడిన న్యాక్ సంస్థ కళాశాలలను మూల్యాంకనము చేయును. గోడమీద వ్రాసిన గ్రేడు ఏ సంవత్సరమునందు వచ్చినదో, దాని గడువు ముగిసినదో లేదో అడుగవలెను. 2016 నుండి కేంద్రప్రభుత్వము వెలువరించు ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకులకై కళాశాలలు తమ వివరములు సమర్పించును. వానిలో ఉద్యోగము పొందినవారి సంఖ్య, వారి మధ్యస్థ జీతము కూడ నుండును. ప్రకటనలలో కనబడునది గరిష్ఠ జీతము. నూరుగురిలో ఒకనికి నలుబది లక్షల జీతము వచ్చి, తక్కినవారికి మూడు లక్షలు మాత్రమే వచ్చినను, ప్రకటనలో నలుబది లక్షలే కనబడును. జీతముల నన్నిటిని వరుసగా పేర్చి నడుమ నున్నదానిని చూచినచో మూడు లక్షల సంగతి బయటపడును. సంచిపైన పోసిన మేలురకపు గింజలకును, అడుగునుండి తీసిన గుప్పెటకును గల భేదమే ఇది.

"పైన పటారము, లోన లొటారము" అను సామెత కళాశాలలకును వర్తించును. కావున తరగతులు జరుగు దినముననే పోయి చూడవలెను. ప్రయోగశాలలో పరికరములకు బీగములున్నవా, విద్యార్థులు వాడుచున్నారా? గ్రంథాలయములో పుస్తకములు చేతులు మారుచున్నవా? ఇద్దరు ముగ్గురు రెండవ సంవత్సరపు విద్యార్థులను విడిగా అడిగినచో సత్యము తెలియును. హాస్టలును సాయంకాలము చూడవలెను. సూర్యాస్తమయమునకు ముందు భోజనము దొరకునా, దుంపలు లేని వంటకము సాధ్యమా యని చేరుటకు ముందే విచారించినచో, చేరిన పిమ్మట పిల్లవాడు పస్తులుండవలసిన పని గాని, నియమము విడువవలసిన పని గాని ఉండదు.

మూడవది ధనము. నిర్ణయించిన ఫీజుకు మించి సీటునకై తీసికొను సొమ్మును కర్ణాటకమునందు 1984 లోను, మహారాష్ట్రమునందు 1987 లోను, తమిళనాడునందు 1992 లోను చేసిన చట్టములు నిషేధించినవి. సుప్రీంకోర్టు కూడ 2005 నాటి ఇనాందార్ తీర్పులో దీనిని నిషేధించినది. రసీదు లేని సొమ్ము చిట్టాకెక్కని సొమ్ము. అది తిరిగి రాదు. అసలు సర్టిఫికెట్లను కళాశాల తనయొద్ద ఉంచుకొనరాదని యు.జి.సి. 2018 లో స్పష్టము చేసినది. చూపి, నకళ్లిచ్చి, తిరిగి తెచ్చుకొనవలెను.

నాల్గవది హక్కులు. జైనులను 2014 జనవరి 27 న కేంద్రప్రభుత్వము అల్పసంఖ్యాకులుగా ప్రకటించినది. మతమునుబట్టి గాని, భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకు లెవరో రాష్ట్రమునుబట్టి నిర్ణయింపవలెనని సుప్రీంకోర్టు 2002 లో చెప్పినది. కావున కర్ణాటకములోనో, తమిళనాడులోనో స్థిరపడిన తెలుగు జైన కుటుంబము మతముచేతను, భాషచేతను అల్పసంఖ్యాకమే. జైన సంస్థలు, తెలుగు సంస్థలు నడుపు అల్పసంఖ్యాక కళాశాలలలో తమకు సీట్లున్నవా యని రెండు విధములను విచారింపవలెను. యానాం గోదావరి తీరమున ఆంధ్రకు ఆనుకొనియున్నను, పుదుచ్చేరి ప్రాంతమునకు చెందినది. అక్కడి పిల్లల ప్రవేశ నియమములు పుదుచ్చేరివే. తమిళనాడులో ఇంజనీరింగు సీట్లకు ప్లస్ టూ మార్కులు ప్రధానము. కర్ణాటకములో ప్రవేశపరీక్ష కలదు. కావున నివాస, అల్పసంఖ్యాక ధ్రువపత్రములను పన్నెండవ తరగతి ఫలితములకు ముందే సిద్ధపరచుకొనవలెను.

సరిగా నడచుకొనుట

మంచి కళాశాలలో చేరినంతమాత్రమున విద్య రాదు. అంగడి తెరచినంతమాత్రమున బేరము జరుగునా? తత్త్వార్థసూత్రము స్వాధ్యాయమును ఐదు విధములుగా చెప్పినది: వాచన, పృచ్ఛన, అనుప్రేక్ష, ఆమ్నాయము, ధర్మోపదేశము. కళాశాల విద్యార్థికి ఇంతకంటె మేలైన పద్ధతి లేదు. పాఠమును ముందుగానే చదువుట వాచన. తెలియనిదానిని సిగ్గుపడక అధ్యాపకుని అడుగుట పృచ్ఛన. విన్నదానిని ఆ రాత్రియే తలపోయుట అనుప్రేక్ష. వారమున కొకసారి మరల వల్లించుట ఆమ్నాయము. తోటివానికి బోధించుట ఐదవది. ఇతరునకు చెప్పలేనిది తనకు రానట్లే.

అణువ్రతములును ఇచ్చట పరీక్షకు వచ్చును. చూచి వ్రాయుట, ఇతరుల వ్యాసమును తనదిగా ఇచ్చుట అచౌర్యమునకు భంగము. ఇంటికి ఫోనుచేసి లేని ఖర్చు చెప్పుట సత్యమునకు భంగము. ఇతరులను చూచి ఖరీదైన వస్తువులు కోరుట పరిగ్రహము.

పనిచేయుచు చదువుకొనుట చిన్నతనము కాదు. మహారాష్ట్రమున జైన కుటుంబమున జన్మించిన కర్మవీర భావురావ్ పాటిల్ 1919 లో రయత్ శిక్షణ సంస్థను స్థాపించి, బీదవిద్యార్థులు కష్టించి సంపాదించుచు చదువుకొను పద్ధతిని నడిపినాడు. సతారాలోని ఆయన వసతిగృహములో అన్ని కులముల పిల్లలు కలసి భుజించిరి. సెలవులలో తండ్రి అంగడిలో లెక్కలు వ్రాయు విద్యార్థికి కళాశాలలో నేర్చిన లెక్క రుచించును. కళాశాలలో నేర్చినది అంగడికి అక్కరకు వచ్చును.

సంఘమునకు కూడ ఒక బాధ్యత కలదు. ప్రతి ఊరి సంఘమును తమలో డిగ్రీలు పొందినవారి పట్టిక వ్రాసి, ఏ కళాశాలలో ఎవరు చదివిరో తెలియజేసినచో, కొత్తగా చేరువారికి దలాలీల అవసరముండదు. జ్ఞానపంచమినాడు గ్రంథములను పూజించుట జైనుల ఆచారము. ఆ దినముననే పన్నెండవ తరగతి పిల్లలను, వారి తలిదండ్రులను పిలిచి, చదువుకొన్నవారిచేత సలహాలు చెప్పించి, లేనివారి ఫీజునకు కొంత ధనము ప్రోగుచేసినచో, ఆ పూజ సార్థకమగును.