అమర్చిన కిడ్నీ ఏళ్ళ తరవాత ఎందుకు పాడవుతుంది?

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రీ బృందం ఒక మనిషి మూత్రపిండాన్ని అతని కవల సోదరుడికి అమర్చింది. చాలాకాలం పనిచేసిన మొట్టమొదటి కిడ్నీ మార్పిడి అదే. ఇద్దరూ ఒకే పిండం నుంచి పుట్టిన కవలలు కనుక, ఒంటికి అది పరాయి వస్తువని తెలియలేదు. అందరికీ అలాంటి కవలలు ఉండరు కదా! ఇప్పుడు మంచి మందులు ఉన్నాయి కనుక నూటికి తొంభైకి పైగా కిడ్నీలు మొదటి ఏడాది దాటుతున్నాయి. చిక్కంతా ఆ తరవాతే. అయిదేళ్ళో పదేళ్ళో చక్కగా పనిచేసిన కిడ్నీ నెమ్మదిగా మొరాయిస్తుంది. ఎందుకు?

మన కణాల మీద హెచ్.ఎల్.ఏ. అనే ప్రోటీన్లు ఉంటాయి. ఇవి ఒక రకం గుర్తింపు చీటీలు. సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. అందుకని తల్లి కిడ్నీ ఇచ్చినా బిడ్డకి సగమే కలుస్తుంది. తోబుట్టువులలో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. కలవని చీటీని చూసి టీ-కణాలు చేసే దాడి సాధారణంగా మొదటి నెలల్లో వస్తుంది. దానిని మందులతో చాలావరకు అదుపు చెయ్యగలం. రెండో దాడి బీ-కణాలది. ఇవి పరాయి చీటీకి సరిగ్గా అతుక్కునే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, తయారు చేయిస్తాయి.

మార్పిడికి ముందే ఇవి రక్తంలో ఉంటే ఏమవుతుందో 1969లో పటేల్, టెరసాకి లెక్క కట్టి చూపించారు. అలాంటి 30 మార్పిడులలో 24 వెంటనే విఫలమయాయి. దాత కణాలనీ, గ్రహీత రక్తరసాన్నీ కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష అప్పటినుంచే తప్పనిసరి అయింది. గర్భం ధరించినా, రక్తం ఎక్కించుకున్నా ఈ ప్రతిరక్షకాలు పుట్టవచ్చు. భర్త కిడ్నీ భార్యకి ఇచ్చేటప్పుడు ఈ పరీక్షని మరింత శ్రద్ధగా చూసేది ఇందుకే.

మార్పిడి అయిన ఏళ్ళకి కొత్తగా పుట్టే ప్రతిరక్షకాల తీరు వేరు. అవి కిడ్నీలోని సన్నని రక్తనాళాల లోపలి గోడకి అతుక్కుంటాయి. గోడ దెబ్బ తింటుంది, మానుతుంది, మళ్ళీ దెబ్బ తింటుంది. మానిన ప్రతిసారీ కొత్త పొర ఏర్పడి గోడ మందమవుతుంది. వడపోత చెడి మూత్రంలో ప్రోటీన్ కారుతుంది. చివరికి మచ్చ మిగులుతుంది. మెమొరీ లీక్ ఉన్న సర్వర్ లాంటిదే ఇదీ. రోజూ బాగానే నడుస్తుంది, కూలిపోయే ముందు వరకు ఎవరికీ అనుమానం రాదు. మిగిలిన వడపోత గుచ్ఛాలు పని పంచుకోవడం వల్ల క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది. అది పెరిగేసరికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఈ క్షీణతని చాలాకాలం కిడ్నీ ముసలిదవడం కింద, మందుల విషప్రభావం కింద జమకట్టేవారు. 1990లలో సీ-4-డీ అనే ప్రోటీన్ ముక్క ఆ మాట మార్చింది. ప్రతిరక్షకాలు దాడి చేసిన చోట ఇది గోడకి గట్టిగా అతుక్కుని, లాగ్ ఫైలులో పద్దులా మిగిలిపోతుంది. బయాప్సీలో రంగు వేస్తే కనబడుతుంది. ఈ గుర్తు లేకుండా జరిగే దాడులూ ఉన్నాయని తరవాత తెలిసింది.

ఒకసారి ముదిరిన దాడికి రుజువైన మందు లేదు. ప్రతిరక్షకాలని రక్తంలోంచి వడకట్టినా వాటిని తయారు చేసే ప్లాస్మా కణాలు మిగిలే ఉంటాయి. ఆ కణాల మీదే గురిపెట్టిన ఫెల్జార్టమాబ్ అనే మందుని 22 మంది మీద పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. మందు తీసుకున్న 11 మందిలో 9 మందికి బయాప్సీలో దాడి గుర్తులు పోయాయి. ఆపేశాక కొందరికి తిరగబెట్టింది. ఆశ పుట్టించే ఫలితమే కాని, ఇంత చిన్న ప్రయోగంతో తీర్పు చెప్పలేం.

కనుక రాకుండా చూసుకోవడమే ఇప్పటికి ఉన్న దారి. కొత్త ప్రతిరక్షకాలు పుట్టడానికి ముఖ్య కారణాలలో ఒకటి మాత్రలు మానెయ్యడం. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఒక పూట, ఖర్చని మరో పూట. దేశంలో మీ వాళ్ళెవరికైనా కిడ్నీ మార్పిడి జరిగి ఉంటే, ఈసారి ఫోనులో క్రియాటినిన్ ఎంత అని అడగడంతో ఆగకండి. మాత్రలు పూట తప్పకుండా వేసుకుంటున్నారా, రక్తంలో మందు మోతాదు చూపించారా, దాత మీద ప్రతిరక్షకాల పరీక్ష చెయ్యాలేమో డాక్టరుని అడిగారా అని కూడా అడగండి. మాత్రలకి డబ్బు చాలడం లేదని వాళ్ళు మనతో చెప్పడానికి మొహమాటపడవచ్చు. ఆ మాట ముందుగా మనమే కదపాలి.