మోటారు సైకిలు చైను – మన చేతి వేళ్ళు

మన కళాశాలలో 'సైకిలు స్టాండు' అనే పేరు ఇంకా మిగిలి ఉన్నది గాని, అందులో సైకిళ్ళు వెదికినా పది దొరకవు. కోటపల్లి, భీమారం, జైపూర్ వైపు ఊళ్ళ నుంచి చెన్నూరు వచ్చే విద్యార్థి మిత్రులలో చాలామందికి మోటారు సైకిలే ఆధారం. బండి కొనే రోజున రంగు చూస్తాము, మైలేజి అడుగుతాము, కొబ్బరికాయ కొడతాము. ఆ తరువాత పెట్రోలు తప్ప మరొక సంగతి పట్టించుకోము. ఇంజను శక్తిని వెనక చక్రానికి చేరవేసే చైను ఎట్లా ఉన్నదో, అది తెగి రోడ్డు మీద పడేదాకా మనకు గుర్తు రాదు. గుర్తు వచ్చినవాళ్ళలో కొందరు దానిని శుభ్రం చేసే పద్ధతి అంతకంటె ప్రమాదకరమైనది. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

ఒక దసరా పండుగ ముందటి రోజు మా ఇంటి వాకిట్లో జరిగిన సంగతి ముందుగా చెబుతాను. ఆయుధ పూజకు బళ్ళు కడుగుతున్నాము. మా అన్న తన బండిని పెద్ద స్టాండు మీద నిలిపి, ఇంజను స్టార్టు చేసి, మొదటి గేరులో వేశాడు. వెనక చక్రం దానంతట అదే తిరుగుతూ ఉంటే, గ్యాసునూనెలో ముంచిన పాత బనీను ముక్కను చైనుకు అదిమి పట్టుకున్నాడు. "అన్నా, ఇంజను బందు చెయ్యరాదు" అన్నాను. "ఏం గాదు తియ్, ఎప్పుడు గిట్లనే తుడుస్త గద" అన్నాడు. అన్నమాట నిజమే. అంతకుముందు ఎన్నోసార్లు అట్లాగే తుడిచాడు. ఆ రోజు బనీను ముక్క అంచు చైనుకు చిక్కుకున్నది. గుడ్డతోపాటు చెయ్యి కూడా పోయింది. కుడిచేతి చూపుడు వేలు మొదటి గణుపు దాకా తెగింది. అన్నది దర్జీ పని. సూది పట్టే వేలు అది. చాలా నెలలు మా ఇంట్లో కుట్టు మిషను చప్పుడు లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే ముందుగా చైను నిర్మాణం తెలియాలి.

చైను అంటే ఏమిటి?

ఇప్పుడు మనం వాడుతున్న రోలర్ చైనుకు మూలపురుషుడు హాన్స్ రెనోల్డ్ అనే ఆయన. స్విట్జర్లాండులో పుట్టి, ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడి, 1880లో బుష్ రోలర్ చైనును రూపొందించాడు. సైకిలుకు, మోటారు సైకిలుకు, ఎన్నో కర్మాగారాల యంత్రాలకు నేటికీ అదే నమూనా.

ఒక చైను లంకెను విప్పి చూస్తే బయటి పలకలు రెండు, లోపలి పలకలు రెండు కనబడతాయి. బయటి పలకలను కలిపేది పిన్ను. ఆ పిన్ను చుట్టూ లోపలి పలకలకు బిగించిన బుష్ అనే గొట్టం, దాని మీద తిరిగే రోలరు ఉంటాయి. పళ్ళ చక్రం, అనగా స్ప్రాకెట్, ఆ రోలరునే పట్టుకొని లాగుతుంది. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు గల దూరాన్ని పిచ్ అంటారు. మన దగ్గర తిరిగే 100, 125 సి.సి. బళ్ళలో చాలావాటికి 428 అనే రకం చైను ఉంటుంది. దాని పిచ్ అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు.

"చైను సాగింది" అని మెకానిక్ అంటాడు. నిజానికి ఇనుప పలకలు రబ్బరువలె సాగవు. పిన్నుకూ బుష్‌కూ మధ్య ఒరిపిడి వల్ల రెండూ అరిగి, ప్రతి కీలులోనూ కొద్దిగా సందు ఏర్పడుతుంది. వంద కీళ్ళ సందులు కలిస్తే చైను పొడవు పెరిగినట్లు కనబడుతుంది. కనుక నూనె చేరవలసిన చోటు పైపై పలకలు కాదు, లోపలి కీలు.

చిన్న లెక్క

వెనక పళ్ళ చక్రానికి 42 పళ్ళు, ముందు దానికి 14 పళ్ళు, చైనుకు 108 లంకెలు, చక్రం వ్యాసార్థం 30 సెంటీమీటర్లు అనుకుందాము. ఒక కిలోమీటరు పోవడానికి చక్రం సుమారు 530 సార్లు తిరగాలి. అంతలో చైను 206 చుట్లు తిరుగుతుంది. చెన్నూరు నుంచి మంచిర్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి చైను ఎనిమిది వేల చుట్లకు పైగా తిరుగుతుంది. ప్రతి చుట్టులో ప్రతి కీలూ రెండు పళ్ళ చక్రాల మీద ఎక్కుతూ దిగుతూ నాలుగుసార్లు వంగుతుంది. అంటే ఒక్క ప్రయాణంలో ఒక్కొక్క కీలు ముప్పైమూడు వేల సార్లు వంగినట్లు.

బరువు సంగతి కూడా చూడండి. బండి, ఇద్దరు మనుషులు కలిపి 240 కిలోలు. వందకు పది చొప్పున ఎత్తు పెరిగే దారి ఎక్కాలంటే చక్రం నేల మీద 24 కిలోల బలంతో తొయ్యాలి. కాని పళ్ళ చక్రం వ్యాసార్థం సుమారు 8.5 సెంటీమీటర్లే. కాబట్టి చైను మీద పడే లాగుడు మూడున్నర రెట్లు, దాదాపు 85 కిలోలు. ఇంత భారం మోస్తూ, బొగ్గు లారీల దుమ్ములో, గోదావరి ఇసుకలో, వానకాలం నల్లరేగడి బురదలో తిరిగే కీలుకు నూనె లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. నూనెలో కలిసిన ఇసుక ఆకురాయి పొడివలె పని చేస్తుంది.

వేలు ఎందుకు పోయింది?

ఇప్పుడు మా అన్న వేలి లెక్క. ఊరకే నడుస్తున్న ఇంజను నిమిషానికి సుమారు 1400 సార్లు తిరుగుతుంది. మొదటి గేరులో ఇంజను 35 సార్లు తిరిగితే వెనక చక్రం ఒకసారి తిరుగుతుందనుకుంటే, చక్రం నిమిషానికి 40 చుట్లు తిరుగుతుంది. చూడడానికి మెల్లగానే కనబడుతుంది. కాని చైను వేగం సెకనుకు 35 సెంటీమీటర్లు. ఏదో జరిగిందని మెదడు గ్రహించి చెయ్యి వెనక్కు తీసుకోవడానికి మనిషికి సెకనులో ఐదవ వంతు అయినా పడుతుంది. ఆ లోపల చైను 7 సెంటీమీటర్లు కదులుతుంది. గుడ్డ పట్టుకున్న వేలికీ పళ్ళకూ మధ్య ఉండే దూరం అంతే. పై గేరులో వేస్తే వేగం ఇంకా మూడు రెట్లవుతుంది.

మరొక సంగతి. బండి ముందుకు పోయే దిక్కులో చక్రం తిరిగినప్పుడు చైను కింది వరుస ముందు నుంచి వెనక్కు పోతుంది. మనం గుడ్డ పట్టేది కింది వరుసనే. అంటే చైను మన చేతిని తిన్నగా వెనక పళ్ళలోకి తీసుకుపోతుంది. వెనక్కు లాగుదామన్నా ఇంజను బలం ముందు మన బలం ఎంత?

అందువల్ల ఈ వ్యాసమంతా మరచిపోయినా ఒక్క మాట గుర్తుంచుకోండి. చైనుకు చెయ్యి తగిలే ముందు ఇంజను ఆగి ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి, బండి తాళంచెవి మీ జేబులో ఉండాలి. జేబులోనే ఎందుకంటే, పక్కన నిలబడ్డ చిన్నపిల్లవాడు సరదాకు బటను నొక్కే ప్రమాదం ఉన్నది. చక్రాన్ని చేత్తోనే, అదీ వెనక్కు, మెల్లగా తిప్పాలి. వెనక్కు తిప్పితే కింది వరుస వెనక పళ్ళ నుంచి బయటికి వస్తుంది గాని లోపలికి పోదు. తిప్పడం ఆపిన తరువాతనే తుడవాలి.

శుభ్రం చేసే విధానం

సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలో గాని బురదలో గాని తిరిగితే ఇంకా ముందే, ఈ పని చెయ్యాలి. పది పదిహేను నిమిషాల కంటె ఎక్కువ పట్టదు.

1. బండిని గట్టి నేల మీద పెద్ద స్టాండు వేసి నిలపాలి. మెత్తని నేల అయితే స్టాండు కింద పలక పెట్టాలి.

2. పాత టూత్ బ్రష్షును కిరోసిన్‌లో ముంచి పలకల మధ్య మురికి తియ్యాలి. పెట్రోలు వాడరాదు. అది మంటకు దగ్గర చుట్టం. పైగా కొన్ని చైనులలో నూనెను నిలిపి ఉంచే చిన్న రబ్బరు రింగులు ఉంటాయి. వాటిని పెట్రోలు పాడు చేస్తుంది.

3. పొడి గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత 90 నంబరు గేరు ఆయిలు చుక్క చుక్కగా కింది వరుస లోపలి వైపు, పలకల సందులలో వెయ్యాలి. చైను తిరిగేటప్పుడు నూనె బయటికి చిమ్ముతుంది గనుక లోపలి నుంచి వేస్తేనే కీలులోకి పోతుంది. ఇంజను నుంచి తీసిన నల్ల ఆయిలు ఊరికే వస్తుందని చాలామంది పోస్తారు. అందులో అరిగిన లోహపు పొడి ఉంటుంది. అది మేలు కంటె కీడే ఎక్కువ చేస్తుంది.

4. సాయంత్రం ఇంటికి వచ్చి, చైను గోరువెచ్చగా ఉన్నప్పుడు నూనె వేసి, రాత్రంతా వదిలి, పొద్దున పైన మిగిలినది తుడిచివెయ్యాలి. పైన తడి ఉంటే దుమ్ము పట్టుకుంటుంది.

బిగువు ఎంత ఉండాలి?

చైను వీణ తీగవలె బిగువుగా ఉండడం మంచిదని కొందరి అభిప్రాయం. అది పొరపాటు. గుంతలో పడ్డప్పుడు వెనక చక్రం పైకి లేస్తుంది. అప్పుడు రెండు పళ్ళ చక్రాల మధ్య దూరం మారుతుంది. వదులు లేకపోతే ఆ లాగుడు బేరింగుల మీద పడుతుంది, లేదా చైనే తెగుతుంది. మరీ వదులైతే పళ్ళ మీద నుంచి జారి, చక్రానికి చిక్కుకొని, పరుగెత్తే బండి ఒక్కసారిగా బిగుసుకుపోతుంది.

కింది వరుస నడుమ వేలితో పైకీ కిందికీ కదిపితే, చిన్న బళ్ళలో సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల కదలిక ఉండాలి. మీ బండికి సరైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చైను అంతా ఒకే తీరుగా అరగదు. కనుక చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటె బిగువుగా ఉన్న చోట ఈ కొలత సరిచూడాలి.

సరిచేసేటప్పుడు యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు వైపుల అడ్జస్టర్లను సమానంగా తిప్పాలి. రెండు వైపులా గీతలు ఒకే చోట ఉండాలి. లేకపోతే చక్రం వంకరగా నిలిచి పళ్ళు ఒక పక్కనే అరుగుతాయి. నట్టు గట్టిగా బిగించిన తరువాత వెనక బ్రేకు తప్పక చూడాలి. డ్రమ్ము బ్రేకు బండిలో చక్రం వెనక్కు జరిగితే బ్రేకు రాడ్డు బిగుసుకొని, బ్రేకు పట్టే ఉండవచ్చు.

చైనును కలిపే లంకెకు క్లిప్పు ఉంటే, దాని మూసిన కొన చైను పోయే దిక్కుకు ఉండాలి. గుర్తుకు ఒక ఉపాయం: అది గోదావరిలో ఈదే చేప అనుకోండి. చేప తల ముందు, చీలిన తోక వెనుక.

అరుగుదల చూడడానికి స్కేలు చాలు. బిగువుగా పట్టిన చైనులో 21 పిన్నులు లెక్కపెట్టండి. మొదటి పిన్ను నడుమ నుంచి చివరి పిన్ను నడుమకు కొత్త 428 చైనులో 254 మిల్లీమీటర్లు, సరిగ్గా పది అంగుళాలు. అది 256.5 దాటితే మార్చే ఆలోచన చెయ్యాలి. 259 చేరితే ఆ బండి మీద దూరం పోరాదు. మార్చేటప్పుడు చైనుతోపాటు రెండు పళ్ళ చక్రాలూ మార్చాలి. కొడవలివలె వంగిన పాత పళ్ళు కొత్త చైనును తొందరగా తినివేస్తాయి.

చీర కొంగు, చున్నీ

చైను ప్రమాదం తుడిచేవారికే కాదు, వెనక కూర్చున్నవారికి కూడా. 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్సులోని నీస్ నగరంలో ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ మెడలోని పొడుగాటి వస్త్రం కారు చక్రానికి చుట్టుకొని ప్రాణం కోల్పోయింది. మన రోడ్ల మీద చున్నీలు, చీర కొంగులు అదే తీరున చక్రానికో చైనుకో చిక్కుకుంటున్నాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123వ నిబంధన ప్రకారం, వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా, వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలి. మనం 'సారీ గార్డు' అనేది అదే. అందం పోతుందని కొందరు మిత్రులు దానిని, చైను కవరును కూడా ఊడదీస్తారు. ఆ బండి మీదనే బతుకమ్మ పండుగకు అక్కనో చెల్లెనో ఎక్కించుకొని పోతారు. చాలా బళ్ళలో చైను ఉండేది ఎడమవైపు. స్త్రీలు ఒకవైపుగా కూర్చునేదీ ఆ వైపే. ఊడదీసే ముందు ఈ సంగతి ఆలోచించండి. కూర్చునేవారు కూడా కొంగును నడుముకు దోపుకొని, చున్నీని ముందుకు ముడివేసుకొని కూర్చోవాలి.

ప్రమాదం జరిగితే

వేలు చిక్కుకుంటే కంగారులో లాగరాదు. ముందు ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో వెనక్కు తిప్పి విడిపించాలి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచు మీద పెట్టాలి. ముక్కను నేరుగా మంచులో గాని నీళ్ళలో గాని వెయ్యరాదు. వెంటనే 108కు ఫోను చెయ్యాలి. ఆ రోజు మాకు ఇవేవీ తెలియవు. ముక్కను నీళ్ళ గ్లాసులో వేసుకొని పోయాము.

మా అన్న ఇప్పుడు మధ్యవేలితో సూది పట్టడం నేర్చుకున్నాడు. మిషను మళ్ళీ నడుస్తున్నది. దసరాకు బండి చైను ఆయనే తుడుస్తాడు. కూర్చునే ముందు తాళంచెవి తీసి, జేబులో వేసుకొని, జేబు పైనుంచి ఒకసారి తడిమి చూసుకుంటాడు. మిత్రులారా, ఈ సంచిక చదివిన తరువాత మీరు సైకిలు స్టాండులో మీ బండి దగ్గరికి పోయినప్పుడు చైను వైపు ఒకసారి వంగి చూడండి. నూనె ఉన్నదా, కవరు ఉన్నదా చూడండి. తుడవాలనిపిస్తే, ముందు తాళంచెవి జేబులో వేసుకోండి.