వెనక్కి తిరిగే గడువు ఇంట్లోనే రాసుకో

సంగారెడ్డి



మేనల్లుడా, పటాన్‌చెరు ప్లాంటుకు సెలవు పెట్టి ఇద్దరు మిత్రులతో ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ కొండల్లోకి పోతున్నానని, సహస్రతాల్ చేరాక బాట వదిలేసి సరస్సు నుంచి సరస్సుకు మీ అంతట మీరే దారి చూసుకుంటూ వారం రోజులు నడుస్తామని రాశావు. ఈ కోరిక నాకు అర్థం కానిది కాదు. నక్కవాగు, ఇసుకవాగు నీళ్ల రంగు చూస్తూ పెరిగినవాడికి, ఖాజీపల్లి చెరువు పక్కన ముక్కు మూసుకుని బండి నడిపినవాడికి, అడుగున గులకరాళ్లు కనిపించే నీటి ఒడ్డున ఒక్క రాత్రయినా పడుకోవాలని ఉండడం న్యాయమే. అందుకే పోవద్దని చెప్పను. ఒక్క మాటే చెప్తాను, ఈ ఉత్తరమంతా ఆ మాట గురించే. బాట లేని కొండల్లో ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నది అక్కడికి పోయాక తేల్చుకునే సంగతి కాదు. ఇక్కడే, ఇంట్లో కూర్చుని, కాగితం మీద రాసుకుని పోవలసిన సంగతి. ఎందుకో వివరంగా రాస్తున్నాను. ఒప్పుకోబుద్ధి కాకపోతే ఎదురు వాదించు.

ముందు బాట అంటే ఏమిటో ఆలోచించు. గొర్రెల కాపరులు, యాత్రికులు తరాల తరబడి నడిచిన కాలిబాట నేల మీద ఒట్టి గీత కాదు. వాగును ఏ మలుపులో దాటితే మోకాలి లోతే ఉంటుందో, ఏ వాలులో కాలు పెడితే రాళ్లు జారవో, ఏ గుట్ట చాటున గాలి కొట్టకుండా తల దాచుకోవచ్చో, వాళ్లు దెబ్బలు తిని తెలుసుకున్నదంతా ఆ బాటలో ఉంది. నీకు అది ఊరికే దొరుకుతుంది. బాట వదిలిన మరుక్షణం ఆ ప్రశ్నలన్నీ నీ నెత్తిన పడతాయి. దూరాల లెక్క కూడా మారిపోతుంది. గంటకు సుమారు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట అని 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఒక లెక్క చెప్పాడు. కొండలు నడిచేవాళ్లు ఇప్పటికీ దాన్నే వాడతారు. అది మంచి బాటకు, మామూలు ఎత్తులకు పనికొచ్చే లెక్క. హిమానీనదం వదిలిపోయిన బండరాళ్ల కుప్పల మీద, వీపున పదిహేను కిలోల సంచితో, గంటకు కిలోమీటరు సాగితే అదే ఎక్కువ. ఇక వాగుల సంగతి. మంచు కరిగి వచ్చే వాగు తెల్లవారుజామున అణిగి ఉంటుంది, ఎండ ముదిరిన కొద్దీ పొంగుతుంది. ఉదయం ఆరింటికి మోకాలి లోతున దాటిన చోటే మధ్యాహ్నం మూడింటికి నడుము దాకా రావచ్చు. కొండ నీళ్లు ఎంత తొందరగా పెరుగుతాయో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 8న బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులను 24 మందిని పోగొట్టుకున్నాం. అక్కడ వచ్చింది డ్యామ్ వదిలిన నీరు, నువ్వు పోయే చోట వచ్చేది ఎండ వదిలే నీరు. కాళ్ల కింద పట్టు తప్పించడంలో రెండూ ఒకటే. కాబట్టి వెనక్కి తిరగడానికీ ఒక వేళ ఉంటుంది. ఆ వేళ దాటిపోతే తిరగాలని నీకున్నా దారి ఉండదు.

అప్పటికప్పుడు చూసుకుంటాం, మాకు బుర్ర లేదా అంటావు. నా భయమంతా ఆ బుర్ర గురించే. నీ పనిలో నుంచే ఉదాహరణ తీసుకో. రియాక్టర్ లోపలికి మనిషిని దింపే ముందు మ్యాన్‌హోల్ దగ్గర గ్యాస్ టెస్ట్ చేస్తారు. మీటరు మీద ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే పర్మిట్ మీద సంతకం పడదు. మామూలు గాలిలో ఉండేది 20.9 శాతం. అంటే దాదాపు ఒకటిన్నర శాతం తేడాకే పని ఆపేస్తున్నాం. ఇప్పుడు 4,500 మీటర్ల ఎత్తు తీసుకో. అక్కడ గాలిలో ఆక్సిజన్ శాతం మారదు గానీ గాలి ఒత్తిడే సముద్రమట్టంలో ఉన్నదాంట్లో దాదాపు 57 శాతానికి పడిపోతుంది. లెక్క కట్టి చూడు, 12 శాతం ఆక్సిజన్ ఉన్న వెసెల్‌లో నిలబడ్డట్టే. ఏ షిఫ్ట్ ఇన్‌చార్జీ నిన్ను అందులోకి పంపడు. కొండ మీద మనిషి బతకగలిగేది మెల్లగా ఎక్కడం వల్ల, ఒంటికి అలవాటు పడే వ్యవధి దొరకడం వల్ల. అందుకే 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కడం ఆపి విశ్రాంతి తీసుకొమ్మని పర్వత వైద్యులు చెప్తారు. ఇక్రిశాట్ పొలాలున్న మన నేల ఎత్తు సుమారు 545 మీటర్లు. అక్కడి నుంచి పోయే మీ ఒంటికి ఈ నియమంలో సడలింపు ఏమీ లేదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు కాళ్లూ ఊపిరితిత్తులే కాదు, వివేకం కూడా దెబ్బ తింటుంది. తలనొప్పి వస్తుంది, తిండి సహించదు, చిరాకు పెరుగుతుంది, మొండితనం వస్తుంది. తిన్నగా నాలుగడుగులు వేయలేక తూలుతున్నవాడే నాకేం కాలేదని వాదిస్తాడు. అలాంటి వేళ ముగ్గురు కూర్చుని ముందుకా, వెనక్కా అని తేల్చుకుంటే ఆ తీర్పును నమ్మగలమా? పట్టపగలు, కడుపు నిండా తిని, చల్లగా ఆలోచించగలిగిన రోజున రాసుకున్న మాటే అక్కడ నీకు దిక్కు.

నువ్వు పోతానంటున్న చోటే దీనికి సాక్ష్యం ఉంది. 2024 మే నెలాఖరున 22 మంది సహస్రతాల్‌కు బయలుదేరారు. ఎక్కువమంది కర్ణాటక వాళ్లు, వెంట స్థానిక గైడ్లు ఉన్నారు. జూన్ 3న పై ఎత్తుల్లో మంచు తుఫాను వాళ్లను చుట్టుముట్టింది. తొమ్మిది మంది చలికి ప్రాణాలు వదిలారు, మిగిలిన 13 మందిని కాపాడారు. కొండలకు హెలికాప్టర్లు పోవలసి వచ్చింది. వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. గైడ్లుండి, తెలిసిన బాట ఉండి కూడా ఒక్క మధ్యాహ్నపు వాతావరణం అంత పని చేసిందంటే, అవి రెండూ లేకుండా పోయేవాడికి ఎంత జాగ్రత్త కావాలో లెక్క వేసుకో. అదే ఉత్తరాఖండ్‌లో 5,000 మీటర్ల ఎత్తున రూప్‌కుండ్ సరస్సు ఉంది. దాని ఒడ్డున వందల మంది అస్థిపంజరాలు పడి ఉన్నాయి. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొని 2019లో ప్రకటించిన అధ్యయనంలో 38 మంది డీఎన్‌ఏ చదివారు. అందరూ ఒకేసారి పోయినవాళ్లు కాదని తేలింది. కొందరు సుమారు క్రీ.శ. 800 నాటివాళ్లు, ఇంకొందరు అంతకు వెయ్యేళ్ల తర్వాతివాళ్లు, అదీ మధ్యధరా తూర్పు తీరపు మూలాలున్నవాళ్లు. కొన్ని పుర్రెల మీది దెబ్బలు పెద్ద వడగళ్ల వల్ల తగిలినవి కావచ్చని అంతకుముందే పరిశోధకులు అన్నారు. ఏ కాలంవాడైనా, ఏ దేశంవాడైనా ఆ ఎత్తున చాటు దొరకని చోట చిక్కుకుంటే గతి ఒకటే.

మరి ఆ కాగితంలో ఏముండాలి? నీకు కొత్త కాదు, వర్క్ పర్మిట్ లాంటిదే. ఏ పని, ఎక్కడ, ఎవరు, ఎప్పటి వరకు, ఏం జరిగితే రద్దు. రోజుకొక పేజీ పెట్టు. నాలుగో రోజు పేజీ ఇలా ఉండాలి. కింది సరస్సు దగ్గర 4,100 మీటర్ల నుంచి ఉదయం ఐదున్నరకు బయలుదేరాలి. వాగును ఏడింటిలోపు దాటాలి, దాటలేకపోతే ఆ రోజు అక్కడే. పదకొండు గంటలకల్లా కనుమ మీద ఉండాలి. లేకపోతే కనుమ ఎంత దగ్గరగా కనిపించినా వెనక్కే. పన్నెండుకు ముందే మబ్బు కమ్మితే వెనక్కే. ముగ్గురిలో ఒక్కరికి తలనొప్పితో పాటు వాంతి వచ్చినా, ఒక కాలి వేళ్లకు ఇంకో కాలి మడమ ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడవలేకపోయినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా ముగ్గురూ కిందికే, రాత్రయినా సరే. ఎవరైనా వణికిపోతూ మాట తడబడితే నడక ఆపి, తడి బట్టలు మార్చి, డేరా వేయాలి. ఆ రోజు ప్రమాదం వస్తే దిగి పోయే దగ్గరి ఊరు ఏది, ఏ లోయ గుండా, ఎన్ని గంటలు అన్నది కింది వరుసలో. ప్రతి సరస్సుకూ ఇలా కిందికి దిగే దారి ఒకటి పేజీలో లేకపోతే ఆ సరస్సు ఈ యాత్రలో వద్దు. ఇంకో నియమం కూడా రాసుకోండి. ముగ్గురిలో ఒక్కడు వద్దంటే వద్దే, కారణం అడగకూడదు.

ఫోన్‌లో జీపీఎస్ ఉంది కదా, కాగితాలెందుకు అని నీ మిత్రులు అనవచ్చు. జీపీఎస్ నువ్వెక్కడున్నావో చెప్తుంది, అక్కడ ఉండవచ్చునా లేదా అన్నది చెప్పదు. చలికి బ్యాటరీ సగంలోనే ప్రాణం విడుస్తుంది. మ్యాపులో ఉన్న సరస్సు నేల మీద అలాగే ఉంటుందన్న భరోసా కూడా లేదు. సిక్కింలో సౌత్ ల్హోనక్ సరస్సు 2023 సెప్టెంబర్ 28న 167 హెక్టార్లకు పైగా ఉంటే, కట్ట తెగిన తర్వాత అక్టోబర్ 4న 60 హెక్టార్లే మిగిలింది. మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇలాంటి సరస్సులను ఉపగ్రహాలతో కనిపెడుతూ ఉంటుంది. మ్యాపు ఎంత పాతదో చూసుకోమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. శాటిలైట్ పరికరంతో కబురు పంపుతామంటారేమో. విదేశీయుల పుస్తకాల్లో ఆ సలహా ఉంటుంది గానీ, టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటి పరికరం వాడడం మన దేశంలో నేరం. అంటే వారంలో ఎక్కువ రోజులు నీ కబురు ఎవరికీ అందదు. అందనప్పుడు ఏం చేయాలో కింద ఉన్నవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. దానికి కాగితం తప్ప మార్గం లేదు. అటవీ శాఖ అనుమతి కోసం ఇచ్చే వివరాల్లో కూడా మీ అసలు దారే రాయండి.

ఇంకో అభ్యంతరం గట్టిది, దాన్ని నేను గౌరవిస్తాను. అన్నీ ముందే రాసుకుని పోతే ఇక స్వేచ్ఛ ఏముంది, గంటలు కొట్టే ఫ్యాక్టరీ వదిలి పోయేది ఇంకో ఫ్యాక్టరీ కోసమా అని నువ్వు అడగవచ్చు. అయితే చూడు, నేను రాయమన్నది ఏం చూడాలో, ఎక్కడ కూర్చోవాలో, ఏ రాయి మీద ఎంతసేపు పడుకోవాలో కాదు. ఆగవలసిన హద్దులు మాత్రమే. హద్దు తెలిసినవాడు దానికి లోపల ఎటైనా తిరగగలడు. తెలియనివాడు అడుగడుక్కీ లెక్కలు వేసుకుంటూ, నీటి ముందు కూర్చుని కూడా మబ్బు వైపే చూస్తుంటాడు. పొలానికి గట్టున్నంత మాత్రాన పంటకు స్వేచ్ఛ పోయిందని ఎవరమూ అనుకోము.

నేర్పు ఉంటే చాలదా అన్నది మరో ప్రశ్న. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామం నుంచి వచ్చిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంతటివాడు 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఉండగా తుది శ్వాస విడిచాడు. నేర్పు అపాయాన్ని తగ్గిస్తుంది, తుడిచేయదు. అలాగని నేర్పు వృథా అనకూడదు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ పిల్లల్ని నేరుగా ఎవరెస్ట్‌కు పంపలేదు. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆ తర్వాత లద్దాఖ్ చలి. మెట్టు మెట్టుకూ ఒంటినీ మనసునూ పరీక్షించి పంపారు. నీకూ అదే మాట. నన్నడిగితే ఈ ఏడాది బాట ఉన్న సరస్సుల యాత్ర ఒకటి గైడ్‌తో చేయి. వచ్చే ఏడు ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో ప్రాథమిక కోర్సుకు దాదాపు నెల రోజుల సెలవు సంపాదించు. బాట వదలడం మూడో మెట్టు. ఇప్పటి నుంచి ఆదివారాలు నర్సాపూర్ అడవిలో బరువు సంచితో నడువు. అయితే అక్కడి నడక కాళ్లకే శిక్షణ, ఎత్తుకు కాదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది రైలు టికెట్. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి ఉత్తరకాశీ, పోను రాను ప్రయాణాలే నాలుగైదు రోజులు తింటాయి. సెలవు పది రోజులే అయితే విశ్రాంతి రోజును మింగేస్తారు, వాన పడ్డా కదులుతారు, తలనొప్పి ఉన్నా ఎక్కుతారు. సోమవారం ఉదయం షిఫ్ట్‌లో ఉండాలన్న తొందర కనుమ మీద మీ బదులు నిర్ణయం తీసుకుంటుంది. ఉత్పత్తి టార్గెట్ కోసం పర్మిట్ నియమాలు పక్కన పెడితే ఏమవుతుందో మన ఫ్యాక్టరీల బెల్టులో ఎవరిని అడిగినా చెప్తారు. కాబట్టి వారం నడకకు రెండు ఖాళీ రోజులు కలిపి సెలవు అడుగు. దొరకకపోతే నడక తగ్గించు, ఖాళీ రోజులు తగ్గించకు.

నీటి గురించి ఒక పేజీ కూడా పెట్టు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఎత్తైన పచ్చికబయళ్లలో డేరాలు వేయడాన్ని నిషేధించింది. దాని వెనకున్న బాధ మనకు తెలిసినదే. చలిలో ఏదీ తొందరగా కుళ్లదు, అక్కడ పారేసినది ఏళ్ల తరబడి ఉంటుంది. సరస్సులో సబ్బు వద్దు, మలవిసర్జన నీటికి 60 మీటర్లకు తగ్గని దూరంలో, ప్లాస్టిక్ ప్రతి ముక్కా తిరిగి మీ సంచిలోనే. మన వాగులు కూడా ఒక్క రోజులో పాడవలేదు. ఈ కొంచెమే కదా అని ఒక్కొక్కరు అనుకోబట్టే పాడయ్యాయి.

రాసిన కాగితాలకు నకలు తీసి ఒకటి నాకు పంపు. వెసెల్‌లోకి దిగిన మనిషి కోసం మ్యాన్‌హోల్ దగ్గర ఒకరు కదలకుండా నిలబడి ఉంటారు కదా, అతనికి లోపలికి దూకే అనుమతి ఉండదు, గడువు దాటితే గట్టిగా పిలవడమే అతని పని. నీ పర్మిట్‌లో ఆ మనిషి పేరు దగ్గర నా పేరు రాయి. చివరి పేజీలో నువ్వు దిగి వచ్చి ఫోన్ చేసే తేదీ, గంట ఉండాలి. ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్లు కూడా నువ్వే రాసి పెట్టు. అమ్మకు ఈ సంగతులన్నీ పోయే ముందే చెప్పు, దాచకు.

శుభం.

నీ మామ