ఇద్దరు కూర్చుని చదివే చదువు

యూదులు అనగానే మనకు ఇజ్రాయెల్ గుర్తుకొస్తుంది. తెలుగు మాట్లాడే యూదులు కూడా ఉన్నారని మన హాస్టల్ మిత్రుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొద్ది కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిమ్ సంతానం, అని చెప్పుకుంటాయి. వీరు మాదిగలు. అంతకుముందు క్రైస్తవులుగా ఉన్నవారు. 1990ల తొలి రోజుల్లో ప్రార్థనా మందిరం కట్టుకుని, శనివారం పనులు మాని, హీబ్రూ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరి మీద 2013లో ఒక పుస్తకమే వెలువరించారు.

వీరి వంశం కథ నిజమా కాదా అనే వాదన మాకు ముఖ్యం కాదు. అక్షరానికి దూరంగా ఉంచబడిన వాడలో పెద్దలూ పిల్లలూ కూడి ఒక కొత్త లిపి నేర్చుకోవడమే మమ్మల్ని ఆకర్షించింది. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టాను మొదట చూసింది మా తరమే కదా!

యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్. దాన్ని ఒంటరిగా చదవరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, గట్టిగా చదువుతూ, ఒకరినొకరు ప్రశ్నించుకుంటారు. దీని పేరు హవ్రూతా. స్నేహం అని ఆ మాటకు అర్థం. పుటలో మధ్యన మూలం, ఒక పక్క 11వ శతాబ్దపు రాషీ వ్యాఖ్య, మరో పక్క ఆయన తర్వాతివారు లేవనెత్తిన సందేహాలు ఉంటాయి. ఓడిపోయిన వాదాన్ని కూడా కొట్టివేయకుండా రాసి ఉంచారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరు ఒకే వస్త్రాన్ని పట్టుకుని "నాకు దొరికింది, మొత్తం నాదే" అంటున్నారు. ఏం చెయ్యాలి? చెరిసగం పంచాలి, కానీ ముందు ప్రమాణం చెయ్యాలి. "మొత్తం నాదే" అని ఇద్దరూ ప్రమాణం చేస్తే కనీసం ఒకరిది తప్పక అబద్ధమవుతుంది. "సగం నాది" అంటే తన దావాను తానే తగ్గించుకున్నట్టు. అందుకే "ఇందులో నా వాటా సగానికి తక్కువ లేదు" అనాలట! ఇక ఒకడు మొత్తం నాదని, రెండోవాడు సగం నాదని అంటే? ఒక సగం మొదటివాడిదేనని ఇద్దరూ ఒప్పుకున్నట్టే. తగాదా మిగిలిన సగం మీదే. దాన్ని పంచితే మొదటివాడికి ముప్పావు, రెండోవాడికి పావు. లెక్కల పుస్తకంలో భిన్నాలు ఇలా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అయితే అక్కడా అంతా సమానం కాదు. ఆడపిల్లలను తాల్ముద్‌కు చాలాకాలం దూరంగానే ఉంచారు.

కొత్తరెడ్డిపాలెం వారికి మరో చిక్కు ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. యూదుల ఊసే లేదు. కులం సర్టిఫికెట్ మీదే హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ ఆధారపడిన మనకు ఆ బరువు వేరే చెప్పనక్కరలేదు.

లింగంపేట తమ్ముళ్ళు రాత్రి స్టడీ అవర్‌లో ఇద్దరిద్దరుగా కూర్చుని ఈ వస్త్రం తగాదా వాదించి చూడండి. మూడోవాడు వచ్చి "పావు నాది" అంటే ఎవరికెంత?