బయానా ఇచ్చే ముందు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడు పట్నంలో చాలామంది ఇల్లు కట్టడం లేదు. కట్టిన ఇల్లు కొంటున్నారు. ఇంకా కట్టని ఇల్లు కూడా కొంటున్నారు. కట్టడం కష్టమే. కొనడం కూడా అంత సులువేమీ కాదు.

ఉప్పల్, నాచారం హైదరాబాదుకు తూర్పున ఉన్నాయి. ఒకప్పుడు ఇవి ఊళ్లు. చుట్టూ పొలాలు, చెరువులు ఉండేవి. తర్వాత నాచారంలో పారిశ్రామికవాడ వచ్చింది. పని కోసం జనం వచ్చారు. 2007లో ఈ ప్రాంతం గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. 2017 నవంబరులో ఉప్పల్‌కు మెట్రో రైలు వచ్చింది. ఇళ్లు పెరిగాయి. ధరలూ పెరిగాయి. ఇప్పుడు గల్లీ గల్లీలో కొత్త అపార్టుమెంట్లు లేస్తున్నాయి.

చెరువు పక్కన ఇల్లు

నాచారంలో ఒక అక్క ఉంది. బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తుంది. భర్త ఆటో నడుపుతాడు. వాళ్లది కిరాయి ఇల్లు. పన్నెండేళ్లు చిట్టీలు కట్టి, పొదుపు సంఘంలో దాచి, ఐదు లక్షలు కూడబెట్టారు.

ఒక బ్రోకరు వాళ్లకు కొత్త ఫ్లాటు చూపించాడు. అపార్టుమెంటు ఇంకా కడుతున్నారు. ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది. బాల్కనీలో నిలబడితే చెరువు కనిపిస్తుంది. చల్లటి గాలి వస్తుంది.

"మన హైదరాబాదుకు సముద్రం లేదమ్మా. ఇదే మీ సముద్రం" అన్నాడు బ్రోకరు.

ధర 40 లక్షలు. చుట్టుపక్కల ధర కన్నా తక్కువ. "శుక్రవారం లోపల ఐదు లక్షలు బయానా ఇవ్వండి. లేకపోతే వేరేవాళ్లు తీసుకుంటారు" అన్నాడు.

అక్క సంబరంగా ఉప్పల్‌లో ఉన్న వదిన దగ్గరికి పోయి చెప్పింది. వదిన పెద్దయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. మెల్లగా చదువుతుంది. కానీ ప్రతి అక్షరం చదువుతుంది.

"గాలి మంచిగుంది, సరే. కాగితాలు చూసినవా?" అని అడిగింది వదిన.

"మీ తమ్ముడు చూసిండు వదినా. స్టాంపు పేపరు మీద ఉన్నది."

"స్టాంపు పేపరు మీద ఏం రాసి ఉన్నది?"

అక్క దగ్గర జవాబు లేదు.

"ఆదివారం ఇద్దరం పోదాం. అప్పటిదాకా పైసా ఇవ్వకు. శుక్రవారం పోతే ఇంకో శుక్రవారం వస్తది. పన్నెండేళ్ల పైసలు పోతే మళ్ల రావు" అంది వదిన.

నీళ్లు ఎక్కడి దాకా వస్తాయి?

ఉప్పల్‌లో నల్ల చెరువు ఉంది. నాచారంలో పెద్ద చెరువు ఉంది. రామంతాపూర్‌లో కూడా చెరువులు ఉన్నాయి. చెరువు పక్కన ఇల్లు కొనేవారు ముందు నీళ్ల సంగతి తెలుసుకోవాలి.

చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో అక్కడ ఒక హద్దు ఉంటుంది. దాన్ని ఎఫ్‌టీఎల్ అంటారు. పూర్తి నీటిమట్టం అని దాని అర్థం. ఆ హద్దు లోపల ఇల్లు కట్టకూడదు. హద్దు బయట కూడా కొంత జాగా ఖాళీగా వదలాలి. ఆ జాగాను బఫర్ అంటారు. 2012 నాటి భవన నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువుకు 30 మీటర్లు వదలాలి. పది హెక్టార్లంటే సుమారు 25 ఎకరాలు. అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. భీమునిపట్నం వంటి సముద్రపు ఊళ్లలో సముద్రానికి కూడా ఇటువంటి హద్దులు ఉన్నాయి.

ఎండాకాలంలో ఈ హద్దు కంటికి కనిపించదు. నీళ్లు వెనక్కి పోతాయి. నేల ఎండుతుంది. కొందరు అక్కడ మట్టి పోసి చదును చేస్తారు. ప్లాట్లు గీస్తారు. కానీ వాన వచ్చినప్పుడు చెరువు తన జాగా తాను వెతుక్కుంటుంది.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాదులో కుండపోత వాన కురిసింది. చెరువుల పక్కన, నాలాల పక్కన ఉన్న ఎన్నో కాలనీలు మునిగాయి. ఉప్పల్, రామంతాపూర్ వైపు కూడా ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. 2024 జూలైలో ప్రభుత్వం హైడ్రా అనే సంస్థను పెట్టింది. చెరువుల హద్దుల్లో కట్టిన ఎన్నో కట్టడాలను ఆ సంస్థ కూల్చింది. అలాంటి ఇల్లు కొంటే ఒకవైపు నీళ్ల భయం, ఇంకోవైపు కూల్చివేత భయం.

ఆదివారం నాడు అక్క, వదిన ఆ గల్లీలో ఒక ముసలమ్మను అడిగారు. "పెద్ద వాన పడ్డ ఏడు మా ఇంట్ల మోకాళ్ల దాకా నీళ్లు బిడ్డా" అంది ఆమె. ఇలా ఇరుగుపొరుగును అడగడం మొదటి పని. భూమి సర్వే నంబరు తీసుకుని తహశీల్దారు ఆఫీసులో, నీటిపారుదల శాఖలో అడగడం రెండో పని. హెచ్‌ఎండీఏ వారు చెరువుల పటాలను ఇంటర్నెట్టులో పెట్టారు. చదువుకునే పిల్లలను అడిగితే తీసి చూపిస్తారు.

భూమి ఎవరిది?

అక్కకు చూపించిన స్టాంపు పేపరును వదిన చదివింది. కింద "నోటరీ" అని ముద్ర ఉంది. రిజిస్ట్రేషన్ నంబరు లేదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇప్పటికీ ఉంది. దాని ప్రకారం వంద రూపాయలు, అంతకు మించి విలువ ఉన్న ఇల్లు గానీ భూమి గానీ అమ్మితే రిజిస్ట్రేషన్ చేయాలి. నోటరీ ముద్రతో ఇల్లు మీది కాదు.

అమ్మేవారికి ఆ భూమి ఎవరి నుంచి వచ్చింది? వారికి ఎవరి నుంచి వచ్చింది? వరుసగా అన్ని పత్రాలూ చూడాలి. వీటిని లింకు డాక్యుమెంట్లు అంటారు. గొలుసులో ఒక్క కడియం తెగినా గొలుసు తెగినట్టే.

ఈసీ అనే కాగితం కూడా తీసుకోవాలి. ఇది మీసేవలో దొరుకుతుంది. ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు ఇందులో కనిపిస్తాయి. ప్రభుత్వ భూములు, వక్ఫు భూములు, గుడి భూములు అమ్మకూడదు. అలాంటి భూముల జాబితా రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఉంటుంది. మీ సర్వే నంబరు అందులో ఉందో లేదో చూడాలి.

ఎన్ని అంతస్తులకు అనుమతి ఉంది?

"ప్లాను చూపించు" అని వదిన బ్రోకరును అడిగింది. అతను కాసేపు సతాయించి, చివరికి చూపించాడు. వదిన వేలు పెట్టి లెక్కపెట్టింది.

"ఇందులో మూడే అంతస్తులు ఉన్నయి. మీరు మాకు అమ్మేది నాలుగోది కదా?"

"తర్వాత రెగ్యులరైజ్ అయితదమ్మా. అందరూ ఇట్లనే కడుతున్నరు."

"అయినప్పుడే వస్తం" అంది వదిన.

మునిసిపల్ అనుమతి ఉన్న ప్లానులో మీ అంతస్తు ఉండాలి. ఇల్లు పూర్తయ్యాక మునిసిపాలిటీ వారు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. ప్లాను ప్రకారం కట్టారు, కాపురం ఉండవచ్చు అని దాని అర్థం.

రెరా అంటే ఏమిటి?

ఇల్లు కొనేవారిని కాపాడడానికి 2016లో రెరా చట్టం వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలైంది. 500 చదరపు మీటర్ల కన్నా పెద్ద జాగాలో, ఎనిమిది కన్నా ఎక్కువ ఫ్లాట్లు కట్టి అమ్మేవారు రెరాలో నమోదు చేసుకోవాలి. 500 చదరపు మీటర్లంటే సుమారు 600 గజాలు. తెలంగాణలో ఈ నమోదు నంబరు పి అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలవుతుంది. నంబరు రాకముందే అమ్మడానికి వీల్లేదు. "ప్రీలాంచ్ ఆఫర్, సగం ధరకే" అని ఎవరైనా అంటే ముందు ఆ నంబరు అడగండి.

ఈ చట్టంలో మనకు పనికొచ్చే మాటలు ఇవి:

1. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో నూటికి పది రూపాయల కన్నా ఎక్కువ తీసుకోకూడదు.

2. కొనేవారి నుంచి వచ్చిన డబ్బులో నూటికి డెబ్బై వేరే బ్యాంకు ఖాతాలో ఉంచాలి. భూమికి, ఆ కట్టడానికి మాత్రమే ఖర్చు పెట్టాలి.

3. చెప్పిన తేదీకి ఇల్లు ఇవ్వకపోతే డబ్బు వడ్డీతో వెనక్కి అడగవచ్చు.

4. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే కట్టినవారే బాగు చేయాలి.

చిన్న జాగాలో ఐదారు ఫ్లాట్లు కట్టేవారికి రెరా నమోదు అక్కరలేదు. ఉప్పల్, నాచారం గల్లీల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. అక్కడ ప్లాను, లింకు డాక్యుమెంట్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి.

డబ్బు లెక్క

అక్క లెక్క ఇలా ఉంది. చేతిలో ఐదు లక్షలు. ఊళ్లో భూమి అమ్మితే 15 లక్షలు. బ్యాంకు అప్పు 20 లక్షలు. మొత్తం 40 లక్షలు. లెక్క సరిపోయింది అనుకుంది.

కానీ రిజిస్ట్రేషన్ ఖర్చు ఉంది. 2021 జూలైలో తెలంగాణ ప్రభుత్వం దీన్ని నూటికి ఏడున్నర రూపాయలు చేసింది. ఆ లెక్కన 40 లక్షలకు 3 లక్షలు. ఇంకా కడుతున్న ఇంటికి జీఎస్టీ కూడా ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి చౌక ఇళ్లకు నూటికి ఒక రూపాయి, మిగతా ఇళ్లకు ఐదు రూపాయలు. హైదరాబాదులో 45 లక్షల లోపు ధర, 60 చదరపు మీటర్ల లోపు వైశాల్యం ఉంటేనే చౌక ఇల్లు. 60 చదరపు మీటర్లంటే సుమారు 645 చదరపు అడుగులు. అది గోడల లోపలి కొలత. దాన్ని కార్పెట్ ఏరియా అంటారు. అమ్మేవారు మెట్లు, లిఫ్టు కూడా కలిపి పెద్ద అంకె చెబుతారు. లోపలి కొలత ఎంతో అడగాలి.

అక్క చూసిన ఇల్లు చిన్నది. జీఎస్టీ 40 వేలు. రిజిస్ట్రేషన్‌తో కలిపి 3 లక్షల 40 వేలు. ఆ డబ్బు అక్క లెక్కలోనే లేదు.

ఇక అప్పు. 20 లక్షలు, తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అనుకుందాం. నెలకు సుమారు 18 వేలు కట్టాలి. ఇరవై ఏళ్లలో కట్టేది సుమారు 43 లక్షలు. కిరాయి, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు, జబ్బు ఖర్చు చూసుకుని అప్పు చేయాలి. బ్యాంకు లాయరు కాగితాలు చూసి "ఈ ఇంటికి అప్పు ఇవ్వలేం" అంటే ఎందుకో అడగండి. ఆ మాటను వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి దాటకండి.

ఇల్లు ఎవరి పేరున?

అక్క పన్నెండేళ్లు మిషన్ తొక్కింది. ఊళ్లో భూమి ఆమెకు తల్లి ఇచ్చింది. మరి పత్రంలో ఆమె పేరు ఉండాలా, వద్దా? 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో పేద కుటుంబాల ఇల్లు ఇంటి ఆడమనిషి పేరున గానీ, భార్యాభర్తలిద్దరి పేరున గానీ ఉండాలని పెట్టారు. పథకం ఇల్లు కాకపోయినా ఇద్దరి పేర్లూ రాయించుకోవచ్చు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎంత చదివినవారైనా వేలిముద్ర వేయాలి. ఫొటో ఇవ్వాలి. వేలిముద్ర వేయడం చిన్నతనం కాదు. చదవకుండా వేయడమే తప్పు. చదవడానికి టైము అడగండి. పేరు, సర్వే నంబరు, ఫ్లాటు నంబరు, నాలుగు హద్దులు, ధర చూడండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.

అక్క బయానా ఇవ్వలేదు. వచ్చేటప్పుడు ఆటోలో ఏడ్చింది. "చల్లటి గాలి వదినా" అంది. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. నెల తిరగకుండా ఆ ఫ్లాటు వేరేవాళ్లు కొన్నారు. అక్క కుటుంబం ఇంకా కిరాయి ఇంట్లోనే ఉంది. ఐదు లక్షలు బ్యాంకులో ఉన్నాయి. ఆదివారాల్లో బోడుప్పల్, చెంగిచెర్ల వైపు ఇళ్లు చూస్తున్నారు. ఇప్పుడు కాగితాలు అక్కే అడుగుతోంది.

కొత్త మాటలు

బయానా - కొనడానికి ముందుగా ఇచ్చే డబ్బు
ఎఫ్‌టీఎల్ - చెరువు నిండినప్పటి నీటి హద్దు
ఈసీ - ఆస్తి అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం
రెరా - ఇల్లు కొనేవారి కోసం వచ్చిన చట్టం

చదివి చెప్పండి

1. అక్క చూసిన ఇంటిలో ఏమేం లోపాలు ఉన్నాయి?
2. నోటరీ కాగితానికి, రిజిస్టరైన పత్రానికి తేడా ఏమిటి?
3. ఇంటి ధర 30 లక్షలు. నూటికి ఏడున్నర చొప్పున రిజిస్ట్రేషన్ ఖర్చు ఎంత?
4. మీ ఇంటి కాగితాల్లో ఎవరి పేరు ఉంది? ఈరోజు తీసి చదవండి. కిరాయి ఇల్లయితే కిరాయి కాగితం చదవండి.